పాడేవాళ్లు ఈత నేర్చుకోవాలి

పాట నేర్చుకునే పిల్లలకు మన ఇళ్లలో సరళీ స్వరాలకంటే ముందు వద్దులు మొదలవుతాయి. ఐస్‌క్రీమ్ వద్దు. రాత్రిపూట పెరుగు వద్దు. వానలో తడవద్దు. ఆటల్లో అరవద్దు. నీళ్లలో దిగితే గొంతు పట్టేస్తుంది కాబట్టి ఈత అసలే వద్దు. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం ఉన్న విశాఖపట్నంలో కూర్చుని ఈ చివరి వద్దును పదే పదే వింటూ ఉంటాను. ఇక్కడ పెరిగిన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఆర్కే బీచ్‌లో ఫొటోలు దిగుతారు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటారు, చీలమండల దాకా తడుపుకుని ఇంటికి వస్తారు. నీళ్లతో వాళ్ల పరిచయం అక్కడితో సరి. పాట నేర్చుకునే పిల్లలకైతే ఆ మాత్రానికి కూడా అమ్మ కళ్లెర్రజేస్తుంది.

కర్ణాటక సంగీతం పాడుతూ, నేర్పుతూ బతుకుతున్నదాన్ని నేను. ఈ వద్దు తప్పని నా గట్టి నమ్మకం. ఈత గొంతుకు చెరుపు చేయదు. సరిగ్గా నేర్చుకుంటే పాటకు కావలసిన ఊపిరిని ఒంటికి పట్టించే వ్యాయామాల్లో దాని తరవాతే ఏదైనా. కాబట్టి సంగీతం నేర్పేవాళ్లం మనమే పిల్లల్ని ఈతకు పంపాలి అంటాను. ఈ మాట మొదటిసారి ఒక విద్యార్థిని తల్లితో అంటే ఆవిడ నావైపు అదోలా చూసింది. "ఏటి మేడమ్, పాట నేర్పమని పంపితే ఈతకి పంపమంటారేటి?" అంది. పాట కోసమేనమ్మా అన్నాను. ఆ రోజు ఆవిడకు నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయినది ఇక్కడ తీరిగ్గా చెప్తాను.

నా దగ్గరికి వచ్చే పిల్లలు ఎక్కువగా చెప్పుకునే బాధ ఒకటే: దమ్ము చాలట్లేదు. వర్ణం మొదటి కాలంలో, అంటే నిదానంగా, పాడుతుంటే ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పూర్తి కాకముందే గుక్క అయిపోతుంది. పదం మధ్యలో విరగ్గొట్టి ఊపిరి తీసుకుంటారు, అర్థం రెండు ముక్కలవుతుంది. ఆలాపనలో తార షడ్జం (పై 'స') మీద కార్వై నిలపమంటే, అంటే ఆ స్వరాన్ని సాగదీసి పట్టమంటే, మొదట బాగానే నిలుస్తుంది, చివర్లో శ్రుతి కిందికి జారుతుంది. అప్పుడు వాళ్లేం చేస్తారంటే, మళ్లీ ఎత్తుకునేటప్పుడు భుజాలు చెవుల దాకా లేపి ఛాతీ నిండా గాలి నింపుకుంటారు. మెడ నరాలు తేలతాయి. అంత గాలి తీసుకున్నా ముందుకంటే త్వరగానే అయిపోతుంది. "నాకు ఊపిరితిత్తులు చిన్నవేమో మేడమ్" అని డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి నిజంగానే భయపడింది.

చిన్నవి కావు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో 4 నుంచి 6 లీటర్ల గాలి పడుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కో ఊపిరికి మనం అటూ ఇటూ ఆడించేది అర లీటరు. ఎంత బలంగా వదిలినా ఇంకో లీటరు పైచిలుకు లోపల ఉండే తీరుతుంది. మామూలు ఆరోగ్యం ఉన్న ఎవరికైనా ఒక ఆవర్తనానికి సరిపడా గాలి ఉంది. లేనిది ఆ గాలిని పొదుపుగా విడిచిపెట్టే నేర్పు. శిక్షణ పొందిన గాయకుల ఊపిరితిత్తులు ఇతరులకంటే చెప్పుకోదగ్గంత పెద్దవేమీ కావు, వాళ్లు వాటిని వాడే తీరే వేరు. ఇది ఒప్పుకుంటే మన సాధన దిశ మారుతుంది. ఎంత పీల్చాం అన్నది పక్కన పెట్టి ఎలా వదిలాం అన్నది చూడటం మొదలుపెడతాం.

ఊపిరితిత్తులకు తమవైన కండరాలు లేవు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరం, పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు కలిసి వాటిని ఆడిస్తాయి. పాడేటప్పుడు స్వరతంత్రుల కింద గాలికి ఉండే ఒత్తిడిని సెంటీమీటర్ల నీటితో, అంటే ఎన్ని సెంటీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికి సమానమో చూసి, కొలుస్తారు. మామూలుగా మాట్లాడటానికి 5 నుంచి 10 సెంటీమీటర్ల ఒత్తిడి చాలు. గట్టిగా, పై స్థాయిలో పాడటానికి 20, 30, ఒక్కోసారి అంతకు మించి కూడా కావాలి. ఇప్పుడు నిండా గాలి పీల్చి కండరాలన్నీ వదిలేశారనుకోండి. సాగిన ఊపిరితిత్తులు, విచ్చుకున్న పక్కటెముకలు వాటంతట అవే వెనక్కి ముడుచుకుంటాయి. గాలి నింపిన బుడగ మూతి వదిలేసినట్టే. ఆ ముడుచుకోవడంలోనే సుమారు 30 సెంటీమీటర్ల ఒత్తిడి పుడుతుంది. మెత్తగా ఎత్తుకోవలసిన మంద్ర (కింది స్థాయి) స్వరానికి అందులో నాలుగో వంతు చాలు. మిగిలినదాన్ని ఎవరు ఆపాలి? పీల్చడానికి వాడిన కండరాలే, వెంటనే సడలిపోకుండా, మెల్లమెల్లగా పట్టు వదులుతూ ఆపాలి. గుక్క సగం దాటాక ఆ సహజమైన తోపుడు అయిపోతుంది, అప్పుడు పొట్ట కండరాలు అందుకుని నెట్టాలి. వినేవాళ్లకు మాత్రం ఈ అందుకోవడం తెలియకూడదు. మొదట్లో ఆపలేకపోతే గాలి బుస్సుమని పోతుంది, చివర్లో నెట్టలేకపోతే శ్రుతి జారుతుంది. మా పిల్లలకు జరిగేది ఈ రెండే.

నీళ్ల సంగతి ఇక్కడ వస్తుంది. మెడ లోతు నీళ్లలో నిలబడితే ఛాతీ మధ్యభాగం మీద 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి పడుతుంది. ఒడ్డున ఉన్నప్పుడు తెలియకుండా జరిగిపోయే ఊపిరి నీళ్లలో దిగగానే తెలుస్తుంది. పీల్చడానికి పక్కటెముకలు నీటిని అవతలికి నెట్టాలి, అది శ్రమ. వదిలేటప్పుడు తిరగబడుతుంది: నీరే ఛాతీని నొక్కి గాలిని బయటికి తోసేస్తుంది. ఆ తోపుడుకు లొంగకుండా గాలిని సమంగా విడవాలంటే ఏ కండరాలు పట్టి ఉంచాలో, కృతి ఎత్తుగడలో పట్టి ఉంచవలసినవీ అవే. హార్మోనియం ముందు కూర్చుని "పట్టు వదలకు, పట్టు వదలకు" అని నేను నెలల తరబడి చెప్పే మాట నీళ్లు తమ బరువుతో చెప్తాయి. పిల్లలకు ఏ కండరమో పేరు తెలియనక్కర్లేదు, ఒంటికి తెలుస్తుంది.

నేను ఈతకు వెళ్లింది పాట కోసం కాదు. ఏళ్ల తరబడి కింద కూర్చుని పాడటం, నేర్పడం వల్ల నడుం నొప్పి వచ్చింది, డాక్టరు గారు నీళ్లలో వ్యాయామం చేయమన్నారు. పూల్‌లో మొదట నేర్పింది చేతులు ఆడించడం కాదు, కాళ్లు కొట్టడం కాదు. గట్టు పట్టుకుని తల నీళ్లలో ముంచి బుడగలు వదలడం. మా కోచ్ అబ్బాయి వయసులో నాకంటే చాలా చిన్నవాడు. "లోపలే ఊదేయండి మేడమ్. పైకొచ్చాక ఊదుదామంటే పీల్చుకోడానికి టైముండదు" అని గట్టు మీద నుంచి అరుస్తూనే ఉండేవాడు. కొత్తవాళ్లు అందరూ నీళ్లలో ఊపిరి బిగబట్టి, తల పైకెత్తాక ఒకే క్షణంలో వదలడం, పీల్చడం రెండూ చేయబోతారు. వదలడం పూర్తి కాదు, పీల్చడానికి చోటుండదు, నాలుగు స్ట్రోకులకే ఆయాసం వచ్చేస్తుంది. లోపల గాలి లేక రాదు ఆ ఆయాసం. వదలవలసిన కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకుపోవడం వల్ల వస్తుంది. మెదడు ఊపిరి పీల్చమని తొందరపెట్టేది ముఖ్యంగా దాన్ని చూసే.

భుజాలు లేపి ఛాతీ నింపుకుని, అయినా గుక్క చాలక అల్లాడే పిల్లలకు జరిగేది కూడా ఇదే కదా అని నాకు తట్టింది అక్కడే. పాత గాలి పూర్తిగా పోకముందే దాని మీద కొత్త గాలి కుక్కుతున్నారు. ఛాతీ నిండుగా, బిగుతుగా ఉంటుంది, ప్రాణం మాత్రం గాలి కావాలంటుంది. వాళ్లకు కావలసింది ఇంకా పీల్చడం కాదు, ముందు హాయిగా వదిలేయడం.

ఫ్రీస్టైల్ ఒంటబట్టాక నాకు అందులో లయ వినిపించింది. మూడు స్ట్రోకులకు ఒకసారి తల తిప్పితే ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు ఊపిరి దొరుకుతుంది. అచ్చంగా తిశ్రం, మూడు లెక్కల నడక. నోరు నీటి పైన ఉండేది ఒక్క క్షణం, ఆ క్షణంలో పీల్చుకోవాలి, తరవాత రెండు మూడు క్షణాల పాటు సన్నని ధారగా వదలాలి. పీల్చడం పొట్టి, వదలడం పొడుగు. పాటలోనూ అంతే, పాదానికీ పాదానికీ మధ్య దొరికే సందు కంటి రెప్పపాటు. ఆ సందులో చప్పుడు చేయకుండా, భుజం కదలకుండా గాలి నింపుకోవాలి. ఒడ్డున అయితే "ఇంకాస్త ఆగి తీసుకుంటాలే" అని తాళాన్ని సాగదీయొచ్చు, మృదంగం ఆయన సర్దుకుంటారు. నీళ్లు సర్దుకోవు. తల తిప్పిన చోట తీసుకోవాల్సిందే, లేదంటే తరవాతి చోటు దాకా ఆగాల్సిందే. ఊపిరిని తాళంలో కూర్చోబెట్టే గురువు నాకు ఇంతకంటే కచ్చితమైనది తెలియదు.

ఇంకొకటి. మునిగి ఉన్నప్పుడు నోరు మూసి ముక్కుతో "మ్" అని సన్నగా పలుకుతూ వదిలితే ముక్కులోకి నీళ్లు రావు. ఈత కోచ్‌లు చాలామంది నేర్పే చిట్కా ఇది. పాడేవాళ్లకు ఇందులో అదనపు లాభం ఉంది: మన శ్రుతి షడ్జాన్ని పట్టి అదే "మ్" మీద నిలపొచ్చు. బుడగలు సమంగా వస్తుంటే గాలి సమంగా వస్తున్నట్టు. గుప్పున వచ్చి ఆగి మళ్లీ గుప్పున వస్తే కార్వై కూడా అలాగే వణుకుతున్నట్టు. చెవికి అందని లోపం కంటికి కనిపిస్తుంది. పూల్‌కు వెళ్లే వీలు లేనివాళ్లు ఇంట్లో గ్లాసుడు నీళ్లలో స్ట్రా రెండు మూడు అంగుళాలు ముంచి "ఊ" అని పాడుతూ బుడగలు తెప్పించినా కొంత మేలు. అలసిన గొంతుల కోసం వాయిస్ థెరపిస్టులు ఎంతో కాలంగా చేయిస్తున్నది ఇదే. అంత లోతు నీటిని తోయడానికి పట్టే ఒత్తిడి మామూలు మాటకు పట్టే ఒత్తిడితో ఇంచుమించు సమానం. అందుకే గొంతు మీద బరువు పడదు.

"మనకు ప్రాణాయామం ఉండగా ఈత ఎందుకండీ?" అని తోటి గురువులు అడుగుతారు. గౌరవంగానే జవాబు చెప్తాను. ప్రాణాయామం నేనూ చేస్తాను, మానమని ఎవరికీ చెప్పను. కానీ అది కదలకుండా కూర్చుని చేసేది. కూర్చున్న ఒంటికి గాలి అవసరం తక్కువ, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, ఊపిరిని ఎంత సాగదీసినా ఒళ్లు అడ్డు చెప్పదు. వేదిక మీద పరిస్థితి అది కాదు. దీపాల వేడి, ఎదురుగా జనం, గుండె దడ, అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల వేగం. ఒళ్లు గాలి గాలి అంటుంటే, ఆ అరుపు మధ్యలో గుక్కను అదుపులో పెట్టాలి. ఒళ్లు శ్రమిస్తుండగా ఊపిరిని లెక్కలో ఉంచడం ప్రాణాయామంలో రాదు, ఈతలో ప్రతి స్ట్రోకుకూ వస్తుంది. నడక, పరుగు కూడా గుండెకు మంచివే. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపి నడిచేవాళ్లకు వదిలేసే ఊరు మనది, ఆ భాగ్యాన్ని వాడుకోవలసిందే. అయితే నడిచేటప్పుడు ఊపిరి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. ఈతలో ఆ స్వేచ్ఛ లేదు. పాటలోనూ లేదు.

ఒంటి బలం వేరు, గాత్రం వేరు అనుకోవడం మన ప్రాంతపు సంప్రదాయం కూడా కాదు. పక్కనే విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథ అంటే కాళ్లకు గజ్జెలు కట్టి, చేతిలో చిడతలు పట్టి, నిలబడి, ఆడుతూ, గంటల తరబడి పాడటం, మధ్యలో వచనం, పద్యం, మళ్లీ పాట. అంత ఊపిరి కూర్చుని సాధిస్తే వచ్చేదా? మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు చూడండి. రొమ్ముకు రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, గెంతుతూ, ఒకరి మీద ఒకరు నిలబడుతూ పాడతారు. జాలారిపేట ఒడ్డున వల లాగేవాళ్లు పదం అందుకుంటే లాగడంతో పాటే ఊపిరి వదలడం, జారవిడవడంతో పాటే పీల్చడం జరిగిపోతుంది. వీళ్లెవరికీ దమ్ము గురించి ఎవరూ పాఠం చెప్పలేదు. చాప మీద కూర్చుని పాడే మనకే, మైకు వచ్చాక, ఒంటిని మరిచిపోయే వీలు చిక్కింది.

ఇక జాగ్రత్తల మాట. ఇది దాటవేస్తే నేను చెప్పిన మంచి అంతా చెడుతుంది.

అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా 1940లో టామీ డార్సీ బృందంలో చేరాడు. డార్సీ ట్రాంబోన్ మీద పొడుగాటి వాక్యాలు తెగకుండా వాయించడం చూసి, తన పాటలోనూ అది తేవాలని పూల్స్‌లో నీటి అడుగున ఊపిరి బిగబట్టి ఈదేవాడు. ఈ కథ విన్న కుర్రాళ్లు చాలామంది ఈత అంటే నీళ్ల కింద ఎంతసేపు ఉండగలను అనే పందెం అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. గబగబా నాలుగైదు సార్లు గాఢంగా పీల్చి వదిలి మునిగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. ఊపిరి పీల్చమని మెదడుకు అందవలసిన హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ అయిపోయి, ఏ ఇబ్బందీ తెలియకుండానే స్పృహ పోతుంది. నడుం లోతు నీళ్లలో, మంచి ఈతగాళ్లు కూడా ఇలా చనిపోయారు. పైగా గాయకులకు దీనివల్ల ఒరిగేది తక్కువ. పాటలో మనం ఊపిరి బిగబట్టం, వదులుతూ ఉంటాం. బిగబట్టడం సాధన చేస్తే గొంతు కండరాలు బిగుసుకునే అలవాటు పడుతుంది. సినాట్రా నుంచి తీసుకోవలసింది పాటకు ఒళ్లు కూడా తయారవ్వాలన్న పట్టుదల, నీటి అడుగున బిగబట్టడం కాదు.

క్లోరిన్ గురించి తల్లులు పడే భయంలో కొంత నిజం ఉంది. పూల్ దగ్గర ముక్కులు అదిరేలా వచ్చే ఆ వాసన క్లోరిన్ ఎక్కువైందనో నీళ్లు శుభ్రంగా ఉన్నాయనో చెప్పే గుర్తు కాదు. చెమట, మూత్రం, ఒంటి మురికితో క్లోరిన్ కలిసి పుట్టే క్లోరమైన్‌ల వాసన అది. కళ్లు మండించేది, గొంతు గీరుకుపోయేలా చేసేది అదే. నీటి మీద పొరలా నిలిచి, సరిగ్గా మనం తల తిప్పి పీల్చే చోటే ఉంటుంది. గాలి ఆడని, పైకప్పు ఉన్న పూల్స్‌లో ఇది మరీ ఎక్కువ. ఏళ్ల తరబడి రోజుకు గంటల కొద్దీ ఈదే పోటీ ఈతగాళ్లలో ఆస్తమా లక్షణాలు ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. వారానికి మూడు రోజులు ముప్పావుగంట ఈదేవాళ్ల సంగతి వేరు, అయినా చూసుకునే దిగాలి. నా నియమాలు ఇవి: ఆరుబయట పూల్, పొద్దున్నే మొదటి బ్యాచ్, దిగేముందు ఒళ్లు తడిసేలా స్నానం, వాసన గుప్పుమంటే ఆ రోజు వెనక్కి తిరగడం. అందరూ సబ్బుతో స్నానం చేసి దిగితే సగం సమస్య అక్కడే పోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, సైనస్ బాధ తరచూ వచ్చేవాళ్లు, చెవిలో కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు డాక్టరును అడిగే వెళ్లాలి. బయటికి వచ్చాక తల పక్కకు వంచి చెవుల్లో నీళ్లు పోనివ్వాలి, పుల్లలు పెట్టి తిప్పకూడదు.

జలుబు నీళ్ల వల్ల రాదు, వైరస్ వల్ల వస్తుంది. ఈ ఒక్క ముక్క ఇళ్లలో ఎంత చెప్పినా దిగదు. తడి జుట్టుతో ఏసీ గదిలో కూర్చోవద్దు అంటే ఒప్పుకుంటాను, అది ఎవరికైనా ఇబ్బందే. కానీ అన్నిటికీ ఈత ఒక్కటే కారణమని దాన్ని దోషిని చేయడం న్యాయం కాదు. క్లోరమైన్‌లతో కారే ముక్కు కూడా జలుబులాగే ఉంటుంది, కాసేపటికి తగ్గిపోతుంది. దాన్ని చూసి అదిగో పట్టింది అని పూల్ మాన్పించేస్తారు. అసలు గొంతుకు ఈతకంటే ఎక్కువ కీడు చేసేది భోజనం చేసి వెంటనే వెళ్లడం. ఈదేటప్పుడు ఒళ్లు అడ్డంగా ఉంటుంది, పొట్ట మీద నీటి ఒత్తిడి ఉంటుంది, లోపలి ఆమ్లం పైకి తన్నుతుంది. స్వరపేటిక దాకా ఆ పులుపు వస్తే మర్నాడు పొద్దున గొంతు బొంగురుపోతుంది. కడుపు నిండా తిన్నాక రెండు గంటలైనా ఆగి దిగాలి. పొద్దున అరటిపండుతో వెళ్తే సరిపోతుంది. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, మన ఊరి ఉక్కలో మరీనూ. సీసాలో తాగే నీళ్లు పట్టుకెళ్లాలి, ఎండిన స్వరతంత్రులతో పాడటం కష్టం.

సముద్రం ఇంత దగ్గర ఉండగా పూల్ ఎందుకు అనే కుర్రాళ్లకు: మన సముద్రం చూడటానికి ఎంత అందమో దిగడానికి అంత ప్రమాదం. ఒడ్డు దగ్గరే లోతు, కెరటాల మధ్య నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు. ఆర్కే బీచ్‌లో, యారాడలో స్నానాలకు దిగి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు మనం చదవని సంవత్సరం లేదు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎప్పుడైనా అలాంటి ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలని అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఊపిరి సాధనకు సమంగా, నిలకడగా, కంటికి అడుగు కనపడే నీళ్లు కావాలి. గట్టు మీద లైఫ్‌గార్డు ఉండాలి. బీచ్ రోడ్డులో నగరపాలక సంస్థ జీవీఎంసీ వారి ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది, ఇంకా ఊళ్లో అక్కడక్కడా పూల్స్ ఉన్నాయి. వేసవి సెలవుల్లో కోచింగ్ బ్యాచ్‌లు కిటకిటలాడతాయి. జూన్ దాటాక వెళ్తే కోచ్ మన మీద దృష్టి పెట్టగలుగుతాడు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నా విద్యార్థుల్లో పదింట తొమ్మిది మంది ఆడపిల్లలు. ఇంట్లో గొంతు అంటారు గానీ, చాలాసార్లు లోపల ఉన్న అసలు మాట బట్టలు. మోచేతులు, మోకాళ్లు కప్పే నైలాన్ ఈతదుస్తులు ఇప్పుడు స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతున్నాయి, మహిళలకు వేరే బ్యాచ్ నడిపే పూల్స్ కూడా ఉన్నాయి. చుడీదార్‌తో, చున్నీతో మాత్రం దిగనివ్వకండి. నీళ్లు పీల్చిన నూలు బట్ట లాగేస్తుంది, చున్నీ చేతులకు చుట్టుకుంటుంది. జుట్టుకు సిలికాన్ టోపీ, దిగేముందు కాస్త కొబ్బరినూనె, పైకొచ్చాక మంచినీటి స్నానం. నెలసరి రోజుల్లో మానాలా వద్దా అనేది ఆ అమ్మాయి తేల్చుకుంటుంది, మనం కాదు. నల్లబడతారన్న మాట కూడా వింటాను. ఆ మాటకు జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఆడపిల్లలకు ఈత ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, వాళ్లు గట్టిగా ఊపిరి పీల్చడానికి కూడా మొహమాటపడతారు. పొట్ట కదలకూడదు, లోపలికి పీల్చి ఉంచాలి, నిటారుగా కానీ సన్నగా కనపడాలి అని ఎవరో ఎప్పుడో వాళ్ల ఒంటికి నేర్పేశారు. డయాఫ్రమ్ కిందికి దిగాలంటే పొట్ట ముందుకు రావాలి. క్లాసులో చెప్తే సిగ్గుపడి నవ్వుతారు. నీళ్లలో ఆ సిగ్గుకు సమయం లేదు, గాలి కావాలంటే పొట్ట వదలాల్సిందే. భయపడుతూ ఊపిరితిత్తుల గురించి అడిగిన ఆ డిగ్రీ అమ్మాయి ఇప్పుడు బ్రెస్ట్ స్ట్రోక్ బాగా చేస్తుంది. మొన్న శంకరాభరణం ఆలాపనలో తార షడ్జం మీద నిలబడినప్పుడు భుజాలు కదల్లేదు. ఆ మార్పంతా ఈత వల్లేనని చెప్పను, ఇంట్లో అకార సాధన కూడా మానకుండా చేసింది. కానీ పాడేటప్పుడు ఆమె ముఖంలో గాలి కోసం వెతుకులాట పోయింది. అది నేను నేర్పింది కాదు.

ఈతతో ఊపిరితిత్తులు పెరిగిపోతాయని మాత్రం ఎవరూ ఆశపడొద్దు. పోటీ ఈతగాళ్ల ఊపిరితిత్తుల సామర్థ్యం తోటివాళ్లకంటే ఎక్కువగా ఉంటుందన్నది నిజమే. అది చిన్ననాటి నుంచి చేసిన శిక్షణ ఫలమా, పెద్ద ఛాతీతో పుట్టినవాళ్లే ఆ ఆటలో నిలబడతారా అన్న చర్చ తెగలేదు. ఎదుగుదల ఆగిపోయిన వయసులో తిత్తులు పెరగవు. పీల్చే కండరాలు బలపడతాయి, గుండె తక్కువ కొట్టుకుని ఎక్కువ రక్తం పంపుతుంది, అదే పనికి ఒళ్లు తక్కువ గాలి అడుగుతుంది. రెండున్నర గంటల కచేరీ చివర తిల్లానా దాకా గొంతు నిలబడటానికి ఇవి చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లందరికీ వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం చెప్తోంది. మూడు ముప్పావుగంటల ఈతతో దాదాపు అక్కడికి చేరతాం, మిగిలింది నడిస్తే సరి.

మొదలుపెట్టేవాళ్లు వేగం జోలికి పోకండి. కాళ్లు బలంగా కొట్టేకొద్దీ పెద్ద కండరాలు గాలినంతా తినేస్తాయి, ఊపిరి మీద ధ్యాస పోతుంది. కాళ్లు నెమ్మదిగా, చేతులు పొడుగ్గా, ధ్యాసంతా వదిలే గాలి మీద. మొదటి కొన్ని వారాలు బ్రెస్ట్ స్ట్రోక్ మేలు, ప్రతి స్ట్రోకుకూ గాలి దొరుకుతుంది. తరవాత ఫ్రీస్టైల్. నాలాగా కూర్చుని కూర్చుని ముందుకు వంగిపోయిన భుజాలకు బ్యాక్ స్ట్రోక్ చాలా హాయి, ఛాతీ విచ్చుకుంటుంది. ఈదిన వెంటనే గట్టిగా పాడకండి, ఒక గంట ఆగి మంద్రంలో మొదలుపెట్టండి. కచేరీ ఉన్న రోజు నేను పూల్‌కి వెళ్లను, ముందు రోజు సాయంత్రం నెమ్మదిగా ఈది, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, త్వరగా తిని పడుకుంటాను. కళాభారతి లాంటి పెద్ద వేదికైనా, వీధి చివర గుడి మండపమైనా నాకు ఇదే పద్ధతి. నా దగ్గర కొత్తగా చేరే పిల్లల తల్లిదండ్రులకు శ్రుతి, సాధన వేళలతో పాటు ఈత బ్యాచ్ వేళలు కూడా చెప్తున్నాను. ఊళ్లో పాట నేర్పే మిగతావాళ్లు కూడా చెప్పడం మొదలుపెడితే, పూల్ వాళ్లను మనమంతా కలిసి అడగొచ్చు: సంగీతం పిల్లలకు సాయంత్రం క్లాసు అడ్డం రాకుండా పొద్దున ఆరింటికి ఒక బ్యాచ్, ఆడపిల్లలకు ఒక మహిళా కోచ్.